ఎస్.ఎం.పి.ఎస్. చెడిందా, మరేదైనా చెడిందా? - డెస్క్‌టాప్ కంప్యూటరులో విద్యుత్ లోపాన్ని కనుగొనే క్రమం

నిన్నటి వరకు చక్కగా పనిచేసిన కంప్యూటరు ఈ ఉదయం మీట నొక్కితే పలకదు. లేదా పలికి, లోపలి ఫ్యాను రెండు క్షణాలు తిరిగి ఆగిపోతుంది. లేదా సగం పని అయిన తరువాత ఏ హెచ్చరికా లేకుండా ఆరిపోయి మళ్ళీ తనంతట తానే మొదలవుతుంది. ఇటువంటి సందర్భాలలో మరమ్మతు దుకాణంలో తొలుత వినవచ్చే మాట "మదర్‌బోర్డు పోయింది" అన్నది. ఆ మాట కొన్నిసార్లు నిజమే. అయితే చెడినది మదర్‌బోర్డు కాక, దానికి విద్యుత్తు అందించే ఎస్.ఎం.పి.ఎస్. పెట్టె అయిన సందర్భాలు తక్కువ కావు.

ఈ రెండింటికీ నడుమ తేడా చిన్నది కాదు. పాత కంప్యూటరుకు సరిపడే మదర్‌బోర్డు ఇప్పుడు దొరకదు. కొత్తది వేస్తే దానికి తగిన ప్రాసెసరు, ర్యామ్ కూడ కొనవలసి వస్తుంది. అంటే దాదాపు కొత్త కంప్యూటరు ఖర్చు. ఎస్.ఎం.పి.ఎస్. ఒక్కటే మార్చితే ఆ ఖర్చులో చిన్న భాగంతో పని ముగుస్తుంది. దీనికి వ్యతిరేకమైన పొరపాటు కూడ ఉంది. లోపం ర్యామ్‌లోనో, గోడ సాకెట్‌లోనో ఉండగా మంచి ఎస్.ఎం.పి.ఎస్.ను తీసి పారవేయడం అటువంటిది. ఇక అన్నిటికన్నా నష్టకరమైనది మూడవ పొరపాటు. చెడిపోతున్న ఎస్.ఎం.పి.ఎస్.ను గుర్తించక అలాగే నడిపితే, ఒకనాటికి అది హార్డ్‌డిస్క్‌ను కూడ తీసుకుపోవచ్చు. పెట్టెకు వెల కట్టవచ్చును గాని, అందులోని దస్తావేజులకు, పిల్లల ఛాయాచిత్రాలకు, పదేళ్ళ లెక్కలకు వెల కట్టలేము.

సరిహద్దు ప్రాంతాలలోని తెలుగువారికి ఈ విషయంలో మరొక ఇబ్బంది ఉంది. సిరొంచ వంటి చోటినుండి క్యాబినెట్‌ను మంచిర్యాల దాకా మోసుకుపోవలసి వస్తే ఒక రోజు దానికే పోతుంది. అందుచేత బయలుదేరే ముందు లోపం ఎక్కడున్నదో ఇంటివద్దనే కొంతవరకు తేల్చుకోవడం మేలు. అందుకు కావలసినవి ఒక స్క్రూడ్రైవరు, ఒక సాధారణ డిజిటల్ మల్టీమీటరు, కొంత ఓపిక.

ఎస్.ఎం.పి.ఎస్. చేసే పని

గోడ సాకెట్‌లో వచ్చేది 230 వోల్టుల, 50 హెర్ట్జ్‌ల ఏ.సి. విద్యుత్తు. కంప్యూటరులోని ఏ భాగమూ దానిని నేరుగా వాడుకోలేదు. వాటికి కావలసింది 12, 5, 3.3 వోల్టుల డి.సి. విద్యుత్తు. ఈ మార్పును చేసేదే ఎస్.ఎం.పి.ఎస్. అది ముందుగా ఏ.సి.ని డి.సి.గా మార్చుతుంది. ఆ దశలో లోపల ఏర్పడే వోల్టేజీ దాదాపు 325. పవర్ ఫ్యాక్టరును సరిదిద్దే ఏర్పాటు ఉన్న కొత్త నమూనాలలో అది 380 నుండి 400 వరకు కూడ ఉంటుంది. ఆ విద్యుత్తును ట్రాన్సిస్టర్లు సెకనుకు వేలాది పర్యాయాలు తెంచి కలుపుతూ చిన్న ట్రాన్స్‌ఫార్మరు గుండా పంపుతాయి. వచ్చినదానిని మళ్ళీ డి.సి.గా మార్చి, కెపాసిటర్లతో నిలకడ చేసి, రంగురంగుల తీగల ద్వారా బయటికి ఇస్తుంది.

ఇంటెల్ సంస్థ 1995లో ప్రవేశపెట్టిన ఏ.టి.ఎక్స్. ప్రమాణమే అనేక మార్పులతో నేటికీ డెస్క్‌టాప్ కంప్యూటర్లకు ఆధారం. ఈ ప్రమాణంలో గమనించవలసిన సంగతి ఒకటున్నది. ముందువైపు మీట నేరుగా విద్యుత్తును కలపదు. ఆ మీట మదర్‌బోర్డుకు సైగ మాత్రమే చేస్తుంది. మదర్‌బోర్డు ఎస్.ఎం.పి.ఎస్.కు ఆజ్ఞ ఇస్తుంది. ఎస్.ఎం.పి.ఎస్. తన వోల్టేజీలన్నీ నిలకడకు వచ్చిన తరువాత "సరఫరా బాగున్నది" అన్న సంకేతాన్ని తిరిగి పంపుతుంది. అప్పుడుగాని ప్రాసెసరు పని మొదలుపెట్టదు. ఈ గొలుసులో ఏ కొక్కెం ఊడినా బయటికి కనబడే ఫలితం ఒక్కటే: కంప్యూటరు పలకదు. అందువల్లనే లక్షణాన్ని చూచి వెంటనే తీర్పు చెప్పరాదు.

తీగల రంగులు, ఉండవలసిన వోల్టేజీలు

పసుపు తీగ 12 వోల్టులు. 11.40 నుండి 12.60 వరకు ఉండవచ్చును.
ఎరుపు తీగ 5 వోల్టులు. 4.75 నుండి 5.25 వరకు ఉండవచ్చును.
నారింజ తీగ 3.3 వోల్టులు. 3.14 నుండి 3.47 వరకు ఉండవచ్చును.
ఊదా తీగ 5 వోల్టులు. కంప్యూటరు ఆపి ఉన్నప్పుడు కూడ ఇది ఉండితీరాలి. దీనినే స్టాండ్‌బై సరఫరా అంటారు.
నీలం తీగ మైనస్ 12 వోల్టులు. దీనికి పది శాతం వరకు తేడా అనుమతించబడింది.
ఆకుపచ్చ తీగ ఎస్.ఎం.పి.ఎస్.ను మొదలుపెట్టే ఆజ్ఞ వచ్చే తీగ.
బూడిద రంగు తీగ "సరఫరా బాగున్నది" అన్న సంకేతం. బాగున్నప్పుడు ఇక్కడ దాదాపు 5 వోల్టులు కనబడుతుంది.
నలుపు తీగలు అన్నీ గ్రౌండ్.

పాత మదర్‌బోర్డులకు 20 సూదుల కనెక్టరు ఉండేది. 2003లో వచ్చిన సవరణతో అది 24 సూదులకు పెరిగింది. ఇది గాక ప్రాసెసరు ప్రక్కన 4 లేదా 8 సూదుల మరొక కనెక్టరు ఉంటుంది. ఇటీవలి ఎస్.ఎం.పి.ఎస్.లలో కొన్నింటికి తీగలన్నీ నలుపు రంగులోనే వస్తున్నవి. అటువంటి వాటిలో ఊహతో తీగను ఎంచుకోరాదు. తయారీదారు ఇచ్చిన చిత్రపటం ప్రకారం సూదుల స్థానాన్ని చూచుకోవాలి. కొన్ని బ్రాండెడ్ కంప్యూటర్లలో కనెక్టరు మామూలుదిగానే కనబడినా లోపలి అమరిక వేరుగా ఉంటుంది. వాటికి పై పట్టిక వర్తించదు.

లక్షణాలు చెప్పేదేమిటి?

మీట నొక్కినా ఏ చలనమూ లేకపోతే అనుమానించవలసినవి గోడ సాకెట్, పవర్ కార్డు, ముందు మీట, ఎస్.ఎం.పి.ఎస్., మదర్‌బోర్డు. ఈ వరుసలోనే, చౌకైనదాని నుండి ఖరీదైనదాని వైపు వెళ్ళాలి.

ఫ్యాను ఒక్కసారి కదిలి ఆగిపోతే, ఎస్.ఎం.పి.ఎస్. తనను తాను రక్షించుకొంటున్నదని భావించవచ్చు. ఎక్కడో షార్ట్ సర్క్యూట్ ఉన్నప్పుడు అది వెంటనే ఆగిపోవడం దాని ధర్మం. ఆ షార్ట్ మదర్‌బోర్డులో ఉండవచ్చు, ఏదైనా కార్డులోనో డ్రైవులోనో ఉండవచ్చు, క్యాబినెట్‌లో జారిపడిన ఒక మర వల్ల కూడ కావచ్చు.

ఫ్యాన్లన్నీ తిరుగుతూ తెరపై ఏమీ రాకపోతే, తొలి అనుమానం ర్యామ్ మీద ఉండాలి. ప్రాసెసరు ప్రక్కన ఉండే 4 లేదా 8 సూదుల కనెక్టరు పెట్టడం మరచినా ఇదే లక్షణం కనబడుతుంది.

బరువైన పని ఇచ్చినప్పుడు మాత్రమే ఆరిపోతే, రెండు కారణాలకు అవకాశమున్నది. ఎస్.ఎం.పి.ఎస్. ఆ భారాన్ని మోయలేకపోవడం ఒకటి. ప్రాసెసరు వేడెక్కి తనను తాను ఆపుకోవడం రెండవది.

ఉదయం మొదటి ప్రయత్నంలో పలకక, రెండు మూడు సార్లు నొక్కిన తరువాత మొదలై, ఆపై సాయంత్రం దాకా బాగానే నడిస్తే, కెపాసిటర్లు ముసలివైనవని అనుమానించాలి. చల్లగా ఉన్నప్పుడు అవి మరింత బలహీనపడతాయి.

యు.పి.ఎస్. ఉండి కూడ కరెంటు పోయిన క్షణంలోనే కంప్యూటరు రీస్టార్ట్ అయితే, నింద మొత్తం యు.పి.ఎస్. మీద వేయరాదు. సరఫరా తెగిన తరువాత దాదాపు 16 మిల్లీసెకన్ల పాటు నిల్వ శక్తితో కంప్యూటరును నిలబెట్టడం ఎస్.ఎం.పి.ఎస్. బాధ్యత. సాధారణ యు.పి.ఎస్. ఆ వ్యవధిలోపు బ్యాటరీ మీదికి మారుతుంది. లోపలి కెపాసిటరు బలహీనమైతే ఆ కొద్ది వ్యవధిని కూడ కంప్యూటరు దాటలేదు.

కాలిన వాసన, పొగ, లోపల టపాసు పేలినటువంటి శబ్దం వస్తే మరే పరీక్షా అవసరం లేదు. వెంటనే గోడ వద్ద స్విచ్ ఆపి, ప్లగ్ తీసివేయాలి. మరొకసారి వేసి చూడరాదు.

ముందుజాగ్రత్తలు

ఎస్.ఎం.పి.ఎస్. డబ్బాను మాత్రం ఇంటివద్ద విప్పరాదు. ప్లగ్ తీసిన తరువాత కూడ అందులోని పెద్ద కెపాసిటర్లలో ప్రాణహాని కలిగించగల వోల్టేజీ కొంతసేపు నిలిచి ఉంటుంది. ఈ వ్యాసంలో చెప్పిన పరీక్షలన్నీ డబ్బా బయట, తక్కువ వోల్టేజీ తీగల వద్ద చేసేవే. క్యాబినెట్ లోపల చేయి పెట్టే ముందు ప్లగ్ తీసి, ముందు మీటను కొన్ని క్షణాలు నొక్కి పట్టుకోవాలి. చేతి ఉంగరాలు, కంకణాలు తీసివేయడం మంచిది. భాగాలను తాకే ముందు క్యాబినెట్ లోహాన్ని ఒకసారి తాకితే ఒంటిలోని స్థిరవిద్యుత్తు పోతుంది.

అన్నిటికన్నా ముందు, కంప్యూటరు అప్పుడప్పుడైనా పనిచేస్తూ ఉంటే, ముఖ్యమైన ఫైళ్ళను వేరొక డిస్కులోనికి తీసిపెట్టుకోవాలి. పరీక్షలు ఆ తరువాతనే.

మొదటి మెట్టు: పెట్టె బయట

అదే సాకెట్‌లో టేబుల్ ల్యాంపు వెలిగించి చూడాలి. స్పైక్ బస్టరును, యు.పి.ఎస్.ను ప్రక్కన పెట్టి కంప్యూటరును నేరుగా గోడ సాకెట్‌కు కలపాలి. మానిటరుకు వాడే పవర్ కార్డు, క్యాబినెట్‌కు వాడే కార్డు సాధారణంగా ఒకే రకానివి. కనుక వాటిని మార్చి చూడడం సులభం. ఎస్.ఎం.పి.ఎస్. వెనుక చిన్న స్విచ్ ఉంటే అది వేసి ఉన్నదా అన్నది చూడాలి. ఇల్లు శుభ్రం చేసేటప్పుడు ఆ స్విచ్ ఆగిపోవడం తరచు జరిగేదే.

పాత ఎస్.ఎం.పి.ఎస్.ల వెనుక 115, 230 అని గుర్తులున్న ఎర్రని జారుడు స్విచ్ ఉంటుంది. మన దేశంలో అది ఎల్లప్పుడు 230 వద్దనే ఉండాలి. 115 వద్ద ఉంచి ప్లగ్ పెడితే లోపలి భాగాలు రెట్టింపు వోల్టేజీకి గురై క్షణంలో పేలిపోతాయి.

సాకెట్ వద్ద వోల్టేజీ ఎంత ఉన్నదో కూడ తెలుసుకోవాలి. పంపుసెట్లు నడిచే వేళ పల్లెలలో సరఫరా బాగా పడిపోతుంది. ఎస్.ఎం.పి.ఎస్. మీద ముద్రించిన ఇన్‌పుట్ పరిధికన్నా అది తక్కువైతే కంప్యూటరు ఆగిపోవడంలో వింత లేదు. ప్రతి రోజూ ఒకే వేళకు లోపం కనబడితే ముందుగా ఈ కారణాన్నే వెదకాలి.

రెండవ మెట్టు: స్టాండ్‌బై సరఫరా, ముందు మీట

క్యాబినెట్ ప్రక్క రేకు తీసి, ప్లగ్ పెట్టి, మీట నొక్కకుండా మదర్‌బోర్డును చూడాలి. అనేక మదర్‌బోర్డుల మీద ఒక చిన్న దీపం వెలుగుతూ ఉంటుంది. అది వెలిగితే స్టాండ్‌బై సరఫరా వస్తున్నదని అర్థం. దీపం లేని బోర్డులలో మల్టీమీటరును 20 వోల్టుల డి.సి. వద్ద ఉంచి, నలుపు ముల్లును నలుపు తీగకు, ఎరుపు ముల్లును ఊదా తీగకు కనెక్టరు వెనుకవైపు నుండి తాకించాలి. 4.75 నుండి 5.25 లోపు ఉండాలి. ప్లగ్, కార్డు, వెనుక స్విచ్ సరిగా ఉండి కూడ ఇక్కడ ఏమీ రాకపోతే, కనెక్టరును బోర్డునుండి ఊడదీసి మళ్ళీ కొలవాలి. అప్పుడు కూడ రాకపోతే ఎస్.ఎం.పి.ఎస్. చెడినట్లే. ఊడదీసినప్పుడు వచ్చి, పెట్టినప్పుడు పోతే మదర్‌బోర్డులో షార్ట్ ఉన్నదేమో చూడాలి.

స్టాండ్‌బై ఉండి కూడ మీటకు స్పందన లేకపోతే ముందు మీటనే పరీక్షించాలి. దానినుండి వచ్చే రెండు సన్నని తీగలు మదర్‌బోర్డు అంచున ఉన్న సూదులకు తగిలించి ఉంటాయి. వాటిని తీసి, ఆ రెండు సూదులను స్క్రూడ్రైవరు కొనతో ఒక్క క్షణం కలిపి వదలాలి. సరియైన సూదులేవో బోర్డు పుస్తకంలోనో, బోర్డు మీది ముద్రణలోనో చూచుకోవాలి. అప్పుడు కంప్యూటరు మొదలైతే చెడింది పది ఇరవై రూపాయల మీట మాత్రమే. క్రొత్త మీట దొరికేవరకు రీసెట్ మీట తీగలను ఆ సూదులకు తగిలించి పని గడుపుకోవచ్చు.

మూడవ మెట్టు: ఆకుపచ్చ, నలుపు తీగల పరీక్ష

ఎస్.ఎం.పి.ఎస్. మదర్‌బోర్డు సాయం లేకుండా తనంతట తాను మొదలు కాగలదా అన్నది ఈ పరీక్ష తేల్చుతుంది. ముందు ప్లగ్ తీసి, ఎస్.ఎం.పి.ఎస్. కనెక్టర్లన్నిటినీ మదర్‌బోర్డు, డ్రైవులు, కార్డుల నుండి ఊడదీయాలి. పాత నమూనాలు ఏ భారమూ లేకుండా నిలబడవు. కనుక ఒక పాత డ్రైవునో, క్యాబినెట్ ఫ్యానునో మాత్రం కలిపి ఉంచాలి. మంచి హార్డ్‌డిస్క్‌ను ఇందుకు వాడరాదు. తరువాత 24 సూదుల కనెక్టరులో ఆకుపచ్చ తీగ ఉన్న రంధ్రాన్ని, దాని ప్రక్క నలుపు తీగ ఉన్న రంధ్రాన్ని ఒక వంచిన జెమ్ క్లిప్పుతో కలపాలి. క్లిప్పు అమర్చిన తరువాతనే ప్లగ్ పెట్టాలి.

ఫ్యాను తిరిగితే ఎస్.ఎం.పి.ఎస్. మొదలవుతున్నదని అర్థం. అంతే గాని, అది బాగున్నదని అర్థం కాదు. ఈ తేడాను మరచినందువల్లనే అనేక తప్పుడు తీర్పులు వస్తుంటాయి. ఒక ఫ్యాను తిప్పడానికి రెండు మూడు వాట్లు చాలును. కంప్యూటరు నడవడానికి వంద, రెండువందల వాట్లు కావాలి. గడప దాకా నడిచిన వృద్ధుడు కొండ ఎక్కగలడని చెప్పలేము గదా. ఇక ఫ్యాను తిరగనంత మాత్రాన చెడిందనీ తేల్చరాదు. వేడెక్కితేనే ఫ్యాను తిరిగే నమూనాలు ఇప్పుడు ఉన్నాయి. అందుచేత ఫ్యానును కాక మల్టీమీటరును నమ్మాలి. పసుపు, ఎరుపు, నారింజ, బూడిద తీగలన్నిటిని కొలవాలి. ఏ ఒక్కటి పట్టికలోని పరిధి దాటినా ఎస్.ఎం.పి.ఎస్. మార్చవలసినదే.

నాలుగవ మెట్టు: భారం మీద కొలత

నిజమైన పరీక్ష ఇదే. కనెక్టర్లన్నీ యథాస్థానంలో పెట్టి, కంప్యూటరును నడుపుతూ కొలవాలి. డ్రైవులకు వెళ్ళే నాలుగు సూదుల తెల్ల కనెక్టరు ఒకటి ఖాళీగా ఉంటే అక్కడ పసుపు, ఎరుపు తీగలను సులభంగా కొలవవచ్చు. ఊరకే ఉన్నప్పుడు ఒకసారి, ఒక పెద్ద వీడియో నడుపుతూనో, పెద్ద ఫైలును కాపీ చేస్తూనో మరొకసారి చూడాలి. ఊరకే ఉన్నప్పుడు 12.1 ఉన్న పసుపు తీగ, పని ఇచ్చినప్పుడు 11.4 కన్నా దిగువకు జారితే లోపం తేలిపోయినట్లే. కొలిచేటప్పుడు మల్టీమీటరు ముల్లు జారి రెండు తీగలను కలపకుండా జాగ్రత్త వహించాలి.

బయోస్ తెరలోను, కొన్ని సాఫ్ట్‌వేర్లలోను వోల్టేజీలు కనబడతాయి. అవి సూచనకు పనికివస్తాయి గాని తీర్పుకు పనికిరావు. మదర్‌బోర్డు మీది చిన్న సెన్సరు తప్పుగా చూపడం కద్దు. మల్టీమీటరుకు కూడ ఒక పరిమితి ఉన్నది. వోల్టేజీలోని వేగవంతమైన హెచ్చుతగ్గులను అది చూపలేదు. 12 వోల్టుల తీగలో ఈ అలలు 120 మిల్లీవోల్టులకు, 5 వోల్టుల తీగలో 50 మిల్లీవోల్టులకు మించరాదని ప్రమాణం చెబుతున్నది. వాటిని చూడడానికి ఆసిలోస్కోపు కావాలి. కనుక కొలతలన్నీ సరిగా ఉండి లోపం మాత్రం పోకపోతే, అనుమానాన్ని పూర్తిగా వదలుకోరాదు. అక్కడ ఆరవ మెట్టు అవసరమవుతుంది.

ఐదవ మెట్టు: ఒక్కొక్క భాగాన్ని తొలగించడం

ఫ్యాను కదిలి ఆగిపోయే సందర్భంలో ఇది ముఖ్యం. ప్లగ్ తీసి, మదర్‌బోర్డు, ప్రాసెసరు, దాని ఫ్యాను, ఒక్క ర్యామ్ తప్ప మిగిలినవన్నీ ఊడదీయాలి. హార్డ్‌డిస్క్, డి.వి.డి. డ్రైవు, అదనపు కార్డులు, ముందువైపు యు.ఎస్.బి. తీగలు కూడ తీయాలి. అప్పుడు కంప్యూటరు నిలబడితే తీసినవాటిలో ఒకటి దోషి. ఒక్కొక్కటే తిరిగి పెడుతూ వస్తే దోషి తానే బయటపడుతుంది. ప్రతిసారీ ప్లగ్ తీసిన తరువాతనే భాగాన్ని పెట్టాలి. ర్యామ్ సూదులను మెత్తని పెన్సిల్ రబ్బరుతో తుడిచి మళ్ళీ పెట్టడం పాత చిట్కాయే అయినా, తేమ ఎక్కువగా ఉండే ఊళ్ళలో అది తరచుగా ఫలిస్తుంది.

ఈ దశలో మదర్‌బోర్డు మీది కెపాసిటర్లను కూడ పరిశీలించాలి. వాటి తలలు బల్లపరుపుగా ఉండాలి. ఉబ్బినా, గోధుమరంగు ద్రవం కారినా ఎస్.ఎం.పి.ఎస్. మార్చినంత మాత్రాన లోపం పోదు. 2000 తరువాతి కొన్ని సంవత్సరాలలో తయారైన బోర్డులలోను, ఎస్.ఎం.పి.ఎస్.లలోను నాసిరకం కెపాసిటర్ల వల్ల ఈ లోపం విస్తారంగా కనబడింది.

ఆరవ మెట్టు: మార్చి చూడడం

బాగున్నదని తెలిసిన మరొక ఎస్.ఎం.పి.ఎస్.ను కలిపి చూడడమే చివరి తీర్పు. ఇరుగుపొరుగు వారి కంప్యూటరు నుండి అడిగి తెచ్చుకోవచ్చు, దుకాణంలో పెట్టి చూపించమని అడగవచ్చు. దీనిని విప్పి అమర్చనక్కరలేదు. క్యాబినెట్ ప్రక్కన బల్లమీద ఉంచి తీగలు మాత్రం కలిపితే చాలును. లోపం అప్పుడప్పుడు మాత్రమే వచ్చేదైతే ఒక గంట నడిపి తీర్పు చెప్పరాదు. మునుపు ఎన్ని రోజులకొకసారి వచ్చేదో అంతకు రెట్టింపు రోజులు చూడాలి. అయితే ఒక హెచ్చరిక. అనుమానమున్న ఎస్.ఎం.పి.ఎస్.ను తీసుకువెళ్ళి మంచి కంప్యూటరుకు పెట్టి చూడరాదు. వోల్టేజీ హెచ్చుగా ఇచ్చే ఎస్.ఎం.పి.ఎస్. ఆ మంచి కంప్యూటరును కూడ చెడగొడుతుంది.

ఎస్.ఎం.పి.ఎస్. నిందపడే ఇతర లోపాలు

ప్రాసెసరు మీది ఫ్యాను దుమ్ముతో మూసుకుపోతే కంప్యూటరు వేడెక్కి ఆరిపోతుంది. ఆరిన వెంటనే మళ్ళీ వేస్తే కొద్దిసేపటికే ఆరి, పదిహేను నిమిషాలు ఆగి వేస్తే ఎక్కువసేపు నడిచేది వేడి వల్ల కలిగిన లోపమని భావించవచ్చు.

తారీఖు, సమయం ప్రతిసారి మారిపోతుంటే అది మదర్‌బోర్డు మీది 3 వోల్టుల నాణెపు బ్యాటరీ లోపం. దానికి ఎస్.ఎం.పి.ఎస్. మార్చనక్కరలేదు.

విండోస్‌లో తీవ్రమైన దోషం వస్తే నీలి తెర చూపకుండా రీస్టార్ట్ అయ్యే ఏర్పాటు ఉంటుంది. సిస్టమ్ సెట్టింగులలో ఆ ఏర్పాటును తీసివేయాలి. తరువాత నీలి తెర కనబడితే ర్యామ్, డ్రైవర్లు, హార్డ్‌డిస్క్ వైపు చూడాలి. ఏమీ కనబడక ఒక్కసారిగా చీకటి అయితే విద్యుత్ లోపానికి అవకాశం ఎక్కువ. ఈవెంట్ వ్యూయరులో కనబడే 41వ సంఖ్య నమోదు కంప్యూటరు సక్రమంగా ఆగలేదని మాత్రమే చెబుతుంది. ఎస్.ఎం.పి.ఎస్. చెడిందని చెప్పదు.

క్యాబినెట్‌ను తాకితే చిమచిమలాడడం, టెస్టరు పెడితే వెలగడం చాలా ఇళ్ళలో చూచే సంగతి. ఇది సాధారణంగా ఎర్తింగ్ లోపం. ఎస్.ఎం.పి.ఎస్. లోపల విద్యుత్ రొదను గ్రౌండుకు పంపే చిన్న కెపాసిటర్లు ఉంటాయి. గోడ సాకెట్‌లో ఎర్తింగ్ లేకపోతే వాటి ద్వారా సాకెట్ వోల్టేజీలో సుమారు సగం, అతి కొద్ది కరెంటుతో, క్యాబినెట్ మీద తేలుతుంది. ఎర్తింగ్ సరిచేయిస్తే ఇది పోతుంది. సరిచేయించినా పోకపోతే, లేదా గట్టి షాక్ కొడితే ఆ ఎస్.ఎం.పి.ఎస్.ను వాడరాదు. మూడు సూదుల ప్లగ్‌లో ఎర్త్ సూదిని విరిచి రెండు సూదుల సాకెట్‌లో పెట్టే అలవాటు ప్రాణాంతకం.

ఊరినిబట్టి శత్రువు

షోలాపురంలో మరమగ్గాల వద్ద ఉండే కంప్యూటర్లలో నూలు పీచు ఎస్.ఎం.పి.ఎస్. ఫ్యాను జాలికి దుప్పటిలా అల్లుకుంటుంది. బళ్ళారి ప్రాంతంలో ఎర్రని సన్న దుమ్ము ఆ పని చేస్తుంది. గాలి ఆడకపోతే లోపలి వేడి పెరుగుతుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటరు ఆయుష్షు దాదాపు సగమవుతుందని ఎలక్ట్రానిక్స్ ఇంజనీర్లు లెక్కకు వాడే సూత్రం. యానాం, బరంపురం వంటి తేమ ప్రాంతాలలో కనెక్టర్ల సూదులకు పచ్చని తుప్పు పడుతుంది. 2013 అక్టోబరు 12న గోపాలపురం వద్ద తీరం దాటిన ఫైలిన్ వంటి తుఫానుల తరువాత సరఫరా మొదలైనప్పుడు వోల్టేజీ హెచ్చుతగ్గులు మరొక గండం. కరెంటు పోయినప్పుడు ప్లగ్ తీసి ఉంచి, వచ్చి నిలకడ పడిన తరువాతనే పెట్టడం మంచి అలవాటు.

ఆరు నెలలకొకసారి ప్లగ్ తీసి, క్యాబినెట్‌ను వాకిట్లోకి తెచ్చి, బయటినుండి మెత్తని కుంచెతోను, బ్లోయరుతోను దుమ్ము తీయాలి. బ్లోయరు వాడేటప్పుడు ఫ్యాను గిరగిర తిరగకుండా ఒక పుల్లతో ఆపి ఉంచాలి.

కొత్తది కొనవలసి వస్తే

పెట్టె మీద పెద్ద అక్షరాలలో ఉన్న వాట్లను చూచి కొనరాదు. ప్రక్కన అతికించిన పట్టికలో 12 వోల్టుల వద్ద ఎన్ని ఆంపియర్లు ఉన్నవో చూడాలి. నేటి కంప్యూటర్లలో ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు తినేదంతా అక్కడినుండే. ఉదాహరణకు "450" అని వ్రాసిన పెట్టె మీద 12 వోల్టుల వద్ద 16 ఆంపియర్లే ఉంటే, అక్కడ లభించేది 192 వాట్లు మాత్రమే. అదే 30 ఆంపియర్లుంటే 360 వాట్లు. విడి గ్రాఫిక్స్ కార్డు లేని సామాన్య కార్యాలయ కంప్యూటరుకు నమ్మకమైన 300 నుండి 400 వాట్ల ఎస్.ఎం.పి.ఎస్. చాలును. 2004లో మొదలైన 80 ప్లస్ గుర్తు ఉన్నవి విద్యుత్తును తక్కువ వృథా చేస్తాయి, తక్కువ వేడెక్కుతాయి. కనెక్టర్ల సంఖ్య, డబ్బా కొలతలు పాతదానితో పోల్చి చూడాలి. పాతదానిని దుకాణానికి తీసుకువెళ్ళడం అందుకు సులభమైన మార్గం. యు.పి.ఎస్.తో వాడేవారు మరొక సంగతి గమనించాలి. పవర్ ఫ్యాక్టరు సరిదిద్దే కొత్త ఎస్.ఎం.పి.ఎస్.లు కొన్ని చౌక యు.పి.ఎస్.ల చదరపు అలల విద్యుత్తుతో సరిపడక ఆగిపోతాయి. రెండింటినీ కలిపి పరీక్షించి తీసుకోవడం శ్రేయస్కరం.

పాతదానిని విప్పి బాగుచేయించడం అనుభవమున్న మెకానిక్కు చేతిలో సాధ్యమే. ఫ్యాను మాత్రమే చెడితే అది లాభమే. కెపాసిటర్లు, ట్రాన్సిస్టర్లు కాలిపోయినదానిని మళ్ళీ ముఖ్యమైన కంప్యూటరుకు పెట్టడం మాత్రం మంచిది కాదు. పనికిరాని పెట్టెను చెత్తకుప్పలో వేయక ఈ-వ్యర్థాలు సేకరించేవారికి ఇవ్వాలి. 2022 నాటి ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాలు 2023 ఏప్రిల్ 1 నుండి దేశమంతటా అమలులో ఉన్నవి.

దుకాణంలో చెప్పవలసిన మాట

పై మెట్లన్నీ ఎక్కిన తరువాత కూడ లోపం తేలకపోతే దుకాణానికి వెళ్ళక తప్పదు. అయితే అప్పుడు "కంప్యూటరు పనిచేయడం లేదు" అని చెప్పే అవసరం ఉండదు. "ఊదా తీగలో 5 వోల్టులు వస్తున్నవి, ముందు మీట బాగున్నది, ఆకుపచ్చ తీగ కలిపితే ఫ్యాను తిరుగుతున్నది, భారం మీద పసుపు తీగ 11.2కు పడిపోతున్నది" అని కాగితం మీద వ్రాసుకొని వెళ్ళవచ్చు. ఆ కాగితం చూచిన మెకానిక్కుకు పని సగమవుతుంది. కాగితం పట్టుకొని వచ్చినవారికి అక్కరలేని మదర్‌బోర్డు అంటగట్టడం ఎవరికీ సులభం కాదు.